తేడా తగ్గిన సంబరం

వెర్లీన్ అక్కా,

శుక్రవారం నా సన్మానానికని మేకన్ నుంచి బస్సెక్కి రావద్దు. చర్చిలో కూడా ఎవరికీ చెప్పకు.

నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే తరగతిలో కూర్చోబెట్టి, ఒకే టీచరు చేత లెక్కలు చెప్పించాలని పథకం రాసింది నేనేగా. నెల తిరక్కుండానే బాగా చదివే తెల్లపిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలు ప్రైవేటు బడికి మార్చేశారు. రాష్ట్ర పరీక్షలో మన నల్లపిల్లల మార్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెల్లపిల్లల సగటు పడిపోయింది.

"రెండు వర్గాల మార్కుల మధ్య తేడా సగానికి తగ్గింది. అంతా నీ చలవేనమ్మా!" అన్నాడు విద్యాధికారి హాల్వర్సన్, నిన్న ఆఫీసులో కేకు కోస్తూ.

"చదివేవాళ్లు వెళ్లిపోతే తగ్గదా సార్?" అన్నాను.

"అవన్నీ ఇప్పుడెందుకు? కేకు తిను."

అందరికంటే ముందు బడి మారింది ఆయన కూతురే. శుక్రవారం నాకు జ్ఞాపిక ఇచ్చేదీ ఆయనే. నవ్వుతూ ఫొటో దిగాలట.

నీ చెల్లి