నిమ్మకాయల మీదుగా

16 సెప్టెంబర్ 2007, ఆదివారం

నాన్న ఒప్పుకున్నాడు! ఆయుధపూజ రోజు మా టమాటా మండీలో వేలం ఉండదు. ఆ నున్నటి సిమెంటు నేల ఆ పూటకు మాదే. స్కేట్‌బోర్డ్ కాంపిటీషన్! మదనపల్లెలో ఇలాంటిది నేనైతే ఎప్పుడూ చూళ్లేదు.

ఒక్కటే కండిషన్. పోటీ పెట్టుకో, నువ్వు ఆ చక్రాల పలక ఎక్కినావంటే మాత్రం మండీకి బీగం ఏస్తా అన్నాడు. సరేనన్నాను. ఇంకేమంటాను?

19 సెప్టెంబర్

బోర్డులు తెచ్చేది సుదర్శన్. అంగళ్లు ఊళ్లో ఉన్న మా కాలేజీలో నా క్లాస్‌మేట్, కుప్పం వాడు. లాస్ట్ ఇయర్ వాడి బోర్డు మీద ఒకే ఒక్కసారి నిలబడ్డాను, కాలేజీ వెనక రోడ్డు దిగేంతసేపు. ఎవరో నాన్నకు చెప్పారు. అంతే, బంద్. అప్పటి నుంచి వాలున్న రోడ్డు కనిపిస్తే చాలు, అరికాళ్లు జివ్వుమంటాయి. బస్సులో కూర్చున్నా సరే. సిగ్గులేని కాళ్లు.

5 అక్టోబర్

పుంగనూరు పిల్లలు ఫోన్ చేశారు. బోర్డుల్లేవు, బేరింగుల బండి తెచ్చుకోవచ్చా అక్కా అని. తెచ్చుకోమన్నాను. రూల్స్ రాసేది నేనేగా.

ఆడపిల్లలెవరూ పేరివ్వలేదు. ఒక పేరు రాసి కొట్టేశాను. నాదే.

19 అక్టోబర్, సాయంత్రం

నేల కడిగించాం. చెప్పులు విడిచి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. నడక ఎంత స్లో!

20 అక్టోబర్, ఆయుధపూజ



నాన్న కాటాకు, లారీకి పూజ చేసి నేరుగా బోర్డుల దగ్గరికొచ్చాడు. చక్రాలుండాయి కదా, ఇదీ బండే, పూజ లేకుండా యాల కదిలిస్తారప్పా అని సుదర్శన్ మీద కేకలు. పసుపు, కుంకుమ, బంతిపూలు. వాడి బోర్డు చక్రాల కింద నిమ్మకాయలు. ఇట్టా పెడితే పడతారంకుల్ అని వాడు మొత్తుకున్నా వినలేదు.

కొత్త లారీ వచ్చినప్పుడల్లా మొదట ఎక్కించేది నన్నే. ఇంటి ఆడబిడ్డ ఎక్కితే కలిసొస్తుందని. ఆ అలవాటు కొద్దీ, రామ్మా నీరజా, ఎక్కి తొక్కు అనేశాడు.

అన్నాక గుర్తొచ్చినట్టుంది. మళ్లీ నోరు తెరిచాడు. ఈలోపే ఎక్కేశాను.

రెండు కాయలు చితికాయి, రెండు దొర్లిపోయాయి. నేను పడలేదు. వెనక నాన్న దిగమ్మా, దిగు అంటున్నాడు. వినపడింది. వినపడనట్టు నేల చివరిదాకా వెళ్లి, తిప్పుకుని వచ్చాను. ఎంత బాగుందో. ఏడుపొచ్చింది.

కప్పు కుప్పం నుంచి వచ్చిన ఇంకో అబ్బాయికొచ్చిందట. నేను సరిగ్గా చూడనే లేదు.

22 అక్టోబర్, సోమవారం

సుదర్శన్ ఆ బోర్డు నాకే ఇచ్చేసి వెళ్లాడు. పూజ చేసిన బండిని తిప్పి పంపకూడదని నాన్నా వద్దనలేదు. అటక మీద పెట్టాడు. మళ్లా ఆయుధపూజకు దించుదాంలేమ్మా అన్నాడు.

మండీకి వెళ్లి చూశాను. నిండా టమాటా. నేల ఎక్కడా కనిపించలేదు.