గల్లంతైన ఇరవై వేల మంది

గిలకలదిండి, మచిలీపట్నం
9 జూన్ 2025

విజయవాడ కృష్ణాతీరం ప్రచురణల ఎడిటరు గారికి,

కోరంగి కాశీరావు నమస్కారాలు. అలవాటు కొద్దీ పెడుతున్న నమస్కారమే గానీ మనసులో లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మీ ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ పాట వినిపించి కట్టేశారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికి పాట వినిపించలేరు గదా.

నేను నలభై ఏళ్ళు ఇక్కడి హార్బరులో చేపల వ్యాపారం చేసి, మోకాళ్ళు మొరాయించాక మానుకున్నవాణ్ణి. మా మనవరాలు సుధామణి విజయవాడలో హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. మొన్న ఇంటికొస్తూ మీ ‘ఏడాదికో పుస్తకం’ వరుసలో 1789 తెచ్చింది. ఆ ఏడాది ప్రపంచంలో జరిగిన ముఖ్య సంఘటనలన్నీ ఇందులో ఉన్నాయని అట్ట మీద వేశారు. ‘అన్నీ’ అన్న మాట కింద గీత కూడా గీశారు.

మొత్తం చదివాను. ఫ్రాన్సులో జనం జైలు కోట పగలగొట్టడం ఉంది, బాగుంది. అమెరికాకు మొదటి అధ్యక్షుడు రావడం ఉంది, సంతోషం. ఓ ఇంగ్లీషు ఓడలో నావికులు కెప్టెన్ మీద తిరగబడి, ఆయన్ని పడవలోకి దించేసి, ఓడలో ఉన్న వెయ్యి పదిహేను సీమపనస మొక్కల్ని సముద్రంలో పారేశారని రెండు పేజీలు రాశారు. మొక్కలకు లెక్క ఉంది. అదే ఏడాది డిసెంబరులో, గోదావరి సముద్రంలో కలిసే చోట, మన కోరంగి రేవు నీళ్ళపాలైంది. మీ పుస్తకంలో ఇరవై వేలు గల్లంతు. ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. దీనికి ఎవరు బాధ్యులో తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు ఆగ్రహంతో,
కోరంగి కాశీరావు

తా.క.: వెనక అట్ట మీద కృష్ణా నది బొమ్మ వేశారు. నది బాగుంది. అది చివరికి సముద్రంలో కలుస్తుందనీ, అక్కడ కూడా మనుషులుంటారనీ ఎవరైనా మీకు చెప్పాల్సింది.

—

బెంజ్ సర్కిల్, విజయవాడ
16 జూన్ 2025

శ్రీ కాశీరావు గారికి,

ఎడిటరు నిసార్ అహ్మద్ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఇరవై వేలు గల్లంతైన సంగతి తెలిసి చింతిస్తున్నాం. అయితే మేం మచిలీపట్నం పంపినవి ఇరవై కాపీలు మాత్రమే. ఇరవై వేలు అచ్చు వేసే శక్తి ఉంటే మా ఆఫీసు ఇలా మెట్ల కింద గదిలో ఉండేది కాదండీ.

అవి డిసెంబరులో నీళ్ళపాలయ్యాయని రాశారు. మా పుస్తకం విడుదలైంది ఈ మార్చిలో. తేదీ ఒకసారి సరిచూసుకోగలరు. పైగా మేం సరుకంతా బస్సు పార్సిల్లోనే పంపుతాం. కోరంగి రేవు మీదుగా ఏనాడూ పంపలేదు. తడిసిన కాపీలు మార్చి ఇచ్చే పద్ధతి కూడా మాకు లేదు.

మీ ఆదరణ ఎప్పటిలాగే కోరుతూ,
నిసార్ అహ్మద్

తా.క.: సీమపనస మొక్కలు వెయ్యి పదిహేను కావాలని రాసినట్టున్నారు. మేం పుస్తకాలు తప్ప మొక్కలు అమ్మం. కడియం నర్సరీల్లో విచారించండి.

—

గిలకలదిండి
21 జూన్ 2025

నిసార్ అహ్మద్ గారికి,

నమస్కారం ఈసారి పెట్టడం లేదు.

అయ్యా, పోయినవి పుస్తకాలు కావు. మనుషులు. పోయింది ఈ డిసెంబరులో కాదు, 1789 డిసెంబరులో. సముద్రం మూడుసార్లు లేచి కోరంగిని ముంచేసింది. ఇరవై వేల మంది పోయారు. వాళ్ళు మీ పుస్తకంలో లేరని నేను రాస్తే, మీరు బస్సు పార్సిల్ గురించి చెబుతారా? మీ జవాబు సుధామణికి చదివి వినిపిస్తే అది దిండులో మొహం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాకు ఇంత కోపం ఎందుకో కూడా చెబుతాను. మా ఇంటిపేరే కోరంగి. ఆ ఉప్పెనలో బతికి బయటపడి, తీరం పట్టుకుని దక్షిణానికి వచ్చి ఇక్కడ గుడిసె వేసుకున్న వాళ్ళ వంశం మాది. మీరు వదిలేసింది ఎవరినో కాదు, మా తాతముత్తాతల్ని. మా వాళ్ళ కంటే ఓడలో మొక్కలు ఎక్కువైపోయాయి మీకు.

అసలు మీ పుస్తకాలన్నీ ఒక్కసారి నడుములోతు నీళ్ళలో మునిగితే గానీ నీళ్ళంటే ఏమిటో మీకు తెలిసిరాదు.

ఇట్లు,
ఇంకా ఆగ్రహంతోనే,
కోరంగి కాశీరావు

తా.క.: సీమపనస నాకు అక్కర్లేదు. ఇక్కడి ఉప్పు నేలలో కొబ్బరి కూడా ఆలోచించుకుని కాస్తుంది.

—

విజయవాడ
28 జూన్ 2025

కాశీరావు గారికి,

మీ మొదటి ఉత్తరం నేను సరిగ్గా చదవలేదు. ఫిర్యాదు ఉత్తరాల్లో అంకెలు మాత్రం చూసి జవాబు రాసేయడం నాకు అలవాటైపోయింది. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

కానీ రెండో ఉత్తరం పూర్తిగా చదివాను. చదివి బాధపడ్డాను. పోయినేడు సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్లో మా గోడౌన్ మునిగిందండీ. నడుములోతు కాదు, నా మెడలోతు. పదేళ్ళుగా అచ్చు వేసిన పుస్తకాలన్నీ ఉబ్బి గోడలకు అంటుకుపోయాయి. నేనూ మా ఆవిడ నజీరా ఎదురింటి మేడ మీద నాలుగు రోజులు కూర్చున్నాం. ఐదో రోజున దిగి, ఆ ముద్దల్ని పారతో ఎత్తిపోశాను. నీళ్ళంటే ఏమిటో మీరు నాకు నేర్పనక్కర్లేదు. మీరు ఎవరి దగ్గరో ఈ సంగతి విని, కావాలని ఎత్తిపొడిచారని అనుకుంటున్నాను.

ఇక కోరంగి విషయం. పరీక్షల్లో రానిది వేస్తే మా పుస్తకం ఎవరూ కొనరు. అయినా మా నియమం ఒకటుంది: రాతలో ఆధారమైనా ఉండాలి, ప్రత్యక్ష సాక్షి అయినా ఉండాలి. ఉంటే పంపండి.

నిసార్ అహ్మద్

తా.క.: ఈ ఉత్తరం నజీరాకు చూపించాను. ఇది పోస్టు చేయొద్దంది. చేస్తున్నాను.

—

గిలకలదిండి
5 జులై 2025

నిసార్ గారికి,

నమస్కారం. ఇది మనసులో ఉన్న నమస్కారమే.

మీ గోడౌన్ సంగతి నాకు తెలియదండీ. నా మీద ఒట్టు. తెలిసుంటే ఆ మాట రాసేవాణ్ణి కాదు. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఒక్క వాక్యమే. మిగతావన్నీ అలాగే ఉంచండి.

ఎందుకంటే, రెండు వందల ముప్ఫై ఆరేళ్ళ కిందటి దానికి ప్రత్యక్ష సాక్షిని తెమ్మంటారా? ఫ్రాన్సు జైలుకు మీరెవరి సాక్ష్యం తీసుకున్నారు? ఆ ఓడలో మొక్కలు లెక్కపెట్టినవాడు మీ ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి వెళ్ళాడా?

ఆధారం మాత్రం దొరికింది. సుధామణి లైబ్రరీలో కూర్చుని రెండు పాత ఇంగ్లీషు గ్రంథాల్లోంచి ఎత్తి రాసుకొచ్చింది. మొదటి కెరటం ఓడల్ని గట్టుకు విసిరేసింది. రెండోది పల్లపు భూములన్నిటినీ నింపింది. మూడోదానికి ఊరే లేకుండా పోయింది. అది చదివి చెబుతుంటే నేను రాశాను. ఒక పేజీ అయింది, జత చేస్తున్నాను.

మా ఇంటి సంగతికి మాత్రం రాత లేదు. మా నాన్న నా ఏడో ఏట పోయారు. ‘అంతా పోగొట్టుకుని, కోరంగోళ్ళమన్న పేరొక్కటి మిగుల్చుకుని వచ్చాం’ అని ఆయన అంటుండేవారు. అది నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. నాకు అదే ఆధారం.

ఇట్లు,
కాశీరావు

తా.క.: ఎండు రొయ్యలు ఒక పొట్లం పంపుతున్నాను. ఇది లంచం కాదు. మీరు పేజీ వేయనంటే రొయ్యలు తినేసి, పేజీ వెనక్కి పంపండి.

—

విజయవాడ
19 జులై 2025

పెద్దలు కాశీరావు గారికి,

నమస్కారాలు. రొయ్యలు అందాయి. పేజీ కూడా అందింది. మీ పేజీ నజీరాకు చదివి వినిపించాను. మూడో కెరటం దగ్గర ఆపమంది. కాసేపటికి తనే మిగతాది చదవమంది.

వేస్తున్నాం. వచ్చే నెల రెండో ముద్రణలో డిసెంబరు నెల కింద పూర్తి పేజీ. కింద మీ పేరు, ‘ఆ ఉప్పెనలో బతికి బయటపడిన కుటుంబ వారసులు’ అని ఉంటుంది. ఆ పుస్తకం మీ చేతనే ఇక్కడ విడుదల చేయిద్దామని ఉంది.

ఒక్క కోరిక. మీ ఇంట్లో మీకన్నా పెద్దవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు విన్నది నాలుగు ముక్కలు రాసి పంపండి. పేజీకి ప్రాణం వస్తుంది.

మీ,
నిసార్

తా.క.: చోటు కోసం సీమపనస మొక్కల్ని తీసేశాం. పాపం, అవి రెండోసారి సముద్రంలో పడ్డాయి.

—

గిలకలదిండి
30 జులై 2025

తమ్ముడు నిసార్‌కు,

కాశీరావు దీవెనలు. ముందు అచ్చు ఆపించండి. పేజీ కాదు, నా పేరున్న లైను.

మీరు పెద్దవాళ్ళను అడగమన్నారు గదా. మా అంకాలమ్మక్క నాకన్నా పదహారేళ్ళు పెద్దది. భర్త పోయాక నా దగ్గరే ఉంటోంది. ఎనభై ఎనిమిదేళ్ళు. ఆదివారం వరండాలో కూర్చుని ఉంటే మీ ఉత్తరం చదివి వినిపించి, మనవాళ్ళు కోరంగి నుంచి ఎలా వచ్చారో చెప్పమన్నాను. అక్క నా మొహంలోకి చూసి ఇలా అంది.

“నీకెవరు చెప్పార్రా ఉప్పెనని? మనం కోరంగి మొహం చూసినోళ్ళం కాదు. రంగూన్ నుంచి వచ్చాం. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడలెళ్ళేవని, అక్కడ తెలుగోళ్ళందర్నీ కోరంగీలనేవోళ్ళు. తిరిగొచ్చాక ఈ ఊరోళ్ళూ అదే పిలిచారు. బళ్ళో అదే రాయించాడు నాన్న. మన ఇంటిపేరు నాగిడి.”

నిసార్, నేను నలభై ఏళ్ళు వేలంపాటల్లో అరిచినవాణ్ణి. గొంతు తగ్గించి, ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాను.

నాన్న రంగూన్ రేవులో మూటలు మోసేవారట. జపానువాళ్ళ బాంబులు పడ్డాక ఓడల్లో చోటు దొరకలేదు. 1942లో అమ్మా నాన్నా అడవుల వెంట నడిచారు. అక్కకు అప్పుడు ఐదేళ్ళు. కొంత గుర్తుందట, కొంత అమ్మ చెప్పగా విన్నదట. అమ్మ చంకలో ఇంకో బిడ్డ ఉన్నాడట. దారిలో విరేచనాలు పట్టుకుని మూడో రోజున పోయాడు. ఒక వాగు పక్కన పెట్టేసి, మిగిలిన వాళ్ళు నడిచారు. నాకు డెబ్భై రెండేళ్ళు. నాకొక అన్న ఉన్నాడని ఆదివారం దాకా తెలియదు.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. అది న్యాయమైన కోపమనే అనుకున్నాను.

“నువ్వెప్పుడడిగావురా? రెండు నెలల నుంచి ఆ ఎడిటరు మీద కేకలేస్తానే ఉన్నావు. కోరంగోళ్ళు, కోరంగోళ్ళని. పక్కనే కూర్చున్నాను గదా, ఒక్కసారి నా వైపు తిరిగావా?”

కుర్చీ అక్క వైపు తిప్పుకుని కూర్చున్నాను. మీకైతే ఏదో ఒక జవాబు రాసేవాణ్ణి.

కాబట్టి నా పేరు తీసేయండి. నేను వాళ్ళ వారసుణ్ణి కాను. పేజీని మాత్రం ఒక్క అక్షరం కదల్చొద్దు. ఆ ఇరవై వేల మంది మావాళ్ళనుకుని ఇన్నాళ్ళు పోట్లాడాను. మావాళ్ళు కాదని తెలిసింది గదా అని ఇప్పుడు వదిలేస్తే వాళ్ళ తరఫున అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. విడుదలకు వస్తాను. వెనక వరసలో కూర్చుంటాను.

మీ వరసలో 1942 ఎప్పుడు వేస్తున్నారో రాయండి. అక్క చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆ పుస్తకంలో రంగూన్ నుంచి నడిచొచ్చిన వాళ్ళు లేకపోతే నా ఉత్తరాలు మళ్ళీ మొదలవుతాయి.

దీవెనలతో,
నాగిడి కాశీరావు
(పోస్టుమాన్ కోసం: కోరంగి కాశీరావు)

తా.క.: పదకొండు పేజీలయ్యాయి, ఇంకా రంగూన్ పొలిమేర దాటలేదు. నేను రాసింది రెండు చోట్ల తప్పని అక్క కొట్టేయించింది. మీకన్నా గట్టి ఎడిటరు. అన్న పేరు పోలయ్య అట. రెండేళ్ళవాడు. అచ్చులో ఆ పేరు తప్పు పడకుండా మీరే దగ్గరుండి చూసుకోవాలి.