అక్క పళ్ళెంలో చేప

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నుంచీ ఒకచోట నిలవలేకపోతున్నాను.

డాక్టరు చదువుతున్న యజమానురాలి కూతురు నిన్న వంటింట్లో ఒక సంగతి చెప్పింది. చైనాలో కొన్నిచోట్ల మట్టిలో సెలీనియం అనే ఖనిజం తక్కువట. ఆ మట్టిలో పండిందే తిని బతికిన తల్లులకూ పిల్లలకూ గుండె ఉబ్బి ప్రాణం పోయేదట. సెలీనియం మాత్రలు ముందుగా ఇస్తే చాలామందికి ఆ జబ్బు రాకుండా ఆగిందట. చేపల్లో, గుడ్లలో కూడా అది ఉంటుందట.

నీకూ గుండె పెద్దదయిందనే కదా చెప్పారు. ఈ గల్ఫు దేశంలో, సల్వా పేటలోని ఈ ఇంట్లో ఇద్దరం పనిచేసినన్నాళ్ళూ, చేప వడ్డిస్తే పళ్ళెం పక్కకు జరిపేదానివి. "నాకు మనూరి బియ్యం, మనూరి ఊరగాయ ఉంటే సాలు మే" అనేదానివి. ఊరినుంచి ఎవరొచ్చినా నీకు బియ్యం మూట తేవాల్సిందే.

"మా యక్కకు గూడా అదేనా?" అని అడిగినాను.

"అది అక్కడి జబ్బు. మీ అక్కది ఏమిటో ఇప్పుడెవరూ చెప్పలేరు. ఖలాస్, వదిలెయ్" అంది.

ఎట్లా వదలను?

మధ్యాహ్నం నీ ఫొటో ముందు మనూరి అన్నమే పెట్టి, పక్కన చేప ముక్క వేశాను. ఎంతసేపు కూర్చున్నా పళ్ళెం పక్కకు జరగలేదు.