అమ్మ అడిగిన ఒక్క ప్రశ్న

అశోక్ నగర్, బుధవారం రాత్రి

నా మీద మోపిన అభియోగం ఇది: ఆసుపత్రిలో డాక్టరును నిలదీసి ఇంటి పరువు తీశాను. పెద్దనాన్న మాటల్లోనే చెప్పాలంటే, "ఇదేమన్న మీ కాలేజీ డిబేటా బిడ్డా? డాక్టరమ్మను పోలీసోళ్ల లెక్క అడుగుతరా?"

అడుగుతారు. వచ్చే వారం గాల్‌బ్లాడర్ ఆపరేషన్ జరగవలసింది మా అమ్మకు. పెద్దనాన్న మెచ్చిన పెద్ద ఆసుపత్రిలో, రాత్రి నొప్పి వస్తే ఎవరు చూస్తారని అడిగితే, జవాబుకు బదులు గదిలోని టీవీ చూపించారు. నారాయణగూడలోని చిన్న ఆసుపత్రిలో అదే ప్రశ్నకు డాక్టరు లేచి వెళ్లి, రాత్రి డ్యూటీ డాక్టరును వెంటబెట్టుకొచ్చి పరిచయం చేశారు.

వాదన గెలిచాననుకున్నాను. అప్పుడు, అంతసేపూ కొంగు నలుపుతూ కూర్చున్న అమ్మ నోరు విప్పింది.

"మేడం, మత్తు ఇచ్చేటప్పుడు నాకు భయమైతది. ఎవరన్న జర చెయ్యి పట్టుకుంటరా?"

"నేనే పట్టుకుంట అమ్మా. మీరు నిద్రపోయినంకనే ఆపరేషన్‌కు చేతులు కడుక్కోను పోత."

అమ్మ నవ్వింది. స్కానింగ్ రిపోర్టు వచ్చిన నాటి నుంచి ఆ నవ్వు చూడలేదు. మత్తు మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ దడగానే ఉంది, కానీ ఆ నవ్వును నమ్మాలనిపిస్తోంది.

ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. తట్టేదెలా? ఆసుపత్రి గురించి చర్చ మొదలైన ప్రతిసారీ అమ్మ వంటింట్లో మాకు టీ పెడుతూ ఉంటుంది.

రేపు పొద్దున పెద్దనాన్న, నాన్న మళ్లీ కూర్చుంటారు. టీ నేను పెడతాను, అమ్మను కుర్చీలో కూర్చోబెడతాను. వంటింట్లోంచే వాళ్లకు ఒక్క మాట చెబుతాను: ఏ ఆసుపత్రి కావాలో ఆమెను అడగండి. ఆమె ముగించేదాకా ఎవరూ మధ్యలో మాట్లాడకండి.