రెండో తాడు

తమ్ముడు టోబిన్‌కు,

సినిమాలో నీకిస్తామన్న ఆ ఎగిరే వీరుడి వేషానికి నిజంగా శాపం ఉందేమో కనుక్కోమన్నావు. సోమవారం నువ్వు సంతకం పెట్టాలి కాబట్టి నిన్ననే ఆ సినిమా స్టూడియోలుండే బర్బ్యాంక్ వెళ్లాను. నీకు ముందు ఆ వేషం కట్టి చనిపోయిన లైల్ భార్య ఐరీన్‌ను కలిశాను.

లైల్‌కు ముందు ఆ వేషం కట్టిన నటుడు కారు ప్రమాదంలో ఎలా పోయాడో ఆమెకూ తెలియదు. లైల్ సంగతి అడిగితే నవ్వింది.

"శాపమా? తాడమ్మా, తాడు! రెండోది కూడా కట్టమని మా ఆయన అడిగాడు. తెరమీద కనబడకుండా దాన్ని చెరపడానికి ఇంకో వారం పడుతుందన్నారు. ఒక్కదానితోనే పైకి లేపారు, తెగింది. మర్నాటి నుంచి అందరూ శాపం, శాపం అని ఒకటే ఏడుపు. శాపం మీద కేసు వేయలేం కదా!"

ఇన్ని మాటలన్న మనిషే ఆ వేషంలో లైల్ తొడిగిన ముసుగు చూపిస్తూ తాకవద్దంది. నేనూ తాకలేదు. ఎందుకో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

షూటింగులో ఎవరైనా ఈల వేస్తే అపశకునమని బయటికి పంపి, గుండ్రంగా తిప్పి లోపలికి రానిస్తారట. నమ్మకమంటే ఎవరూ ఎదురు చెప్పరు. భయమంటే మాత్రం "ఇంత పిరికివాడివి, నీకీ వేషం ఎందుకయ్యా?" అంటారట.

వేషం వదులుకోమనను. సంతకానికి ముందు ఒప్పందంలో రెండో తాడు రాయించు. ఎందుకని అడిగితే ప్రమాదం ఊసెత్తకు. ఒంటి తాడు మా ఇంటికి అచ్చిరాదు, మా అక్కకు ఆ పట్టింపు ఉందని చెప్పు.

అబద్ధం చెబుతున్నానని మొహమాటపడకు. నిన్నటి నుంచి అది నిజమే.

మీ అక్క