మునిరత్న ఫెయిలు కాలేదు

ఆండర్సన్‌పేట,
11-4-1974

నాయనా, మీ సొన్నమ్మ దండాలు. నిన్న నేను రాసిన కార్డు చించేయండి. చెల్లెలు మునిరత్న ఫెయిలు కాలేదు.

ఈ ఇంగ్లీషు బడి రిపోర్టు కార్డులో పాస్ అనే మాటే లేదు, 'ప్రమోటెడ్' అని ఉంది. ఆ మాటకు ఫెయిలు చేసి బడి మాన్పించారనే అర్థమేమోనని ఇద్దరం ఏడ్చాం. నేను తొందరపడి మీకు రాసేశాను. ఇవాళ మీ అల్లుడు షిఫ్టు నుంచి వచ్చి చూసి, "ఏమే, మా గనిలో కూలోణ్ణి మేస్త్రీ చేస్తే దాన్నే ప్రమోషన్ అంటాము. దానికి ఎవురన్నా ఏడుస్తారా? పాప ఏడో క్లాసుకు పోయినాది!" అని నవ్వారు. నమ్మలేక బడికి పరుగెత్తాను. టీచరమ్మ కూడా అదే చెప్పింది. నిన్నటినుంచి పస్తున్న రత్న ఇప్పుడే కడుపునిండా సంగటి తిన్నది.

ఇంక దాన్ని పట్టుపురుగుల పనికి పెట్టే మాట ఎత్తకండి. అమ్మ మోకాలినొప్పి ఎలా ఉంది? మామిడికాయలు లారీకి ఎక్కించేముందు ఊరగాయకు ఒక బుట్ట తీసిపెట్టండి. అమ్మకు మా ముగ్గురి నమస్కారాలు చెప్పండి.

జవాబు మాత్రం నాకు వద్దు, రత్న పేరున రాయండి. దానికి ఇంతవరకు ఎవరూ ఒక్క కార్డు ముక్క రాయలేదు.