ఎనిమిది రెయాళ్ళ ఉపవాసం

ఫిబ్రవరి 18, బూడిద బుధవారం
నుదుట బూడిద పెట్టించుకుని ఒట్టు వేశాను. ఈస్టరు దాకా పాత నాణేలు కొనను. ఒక్కటీ! మా ఊరు పొతోసిలో అందరూ మాంసం మానేస్తారు, నేను వెండి మానేస్తున్నాను.

కారణం నా భార్య నికాసియా. అసలు కారణం నిన్నటి రోగి. పన్ను పీకి, పుక్కిలించమని గ్లాసు ఇచ్చాను. అందులో మకిలి వదలడానికి నేను నానబెట్టిన, స్పెయిను రాజుల కాలం నాటి రెండు రెయాళ్ళ వెండి నాణెం ఉంది. తన పన్నే అనుకుని అతను కెవ్వుమన్నాడు.

"ఈస్టరు లోపల ఇంకొక్క నాణెం గడప దాటిందో, నేను సూక్రేలో మా అక్క దగ్గరే ఉండిపోతా. నీకు వండిపెట్టడానికి ఆ స్పెయిను రాజుగారే దిగొస్తాడు" అంది నికాసియా.

ఎంత పని! ఇన్నేళ్ళుగా ఊరందరి పళ్ళూ పీకుతున్నాను, ఒక్క అలవాటు పీకలేనా?

ఫిబ్రవరి 19, గురువారం
అద్భుతం! మనసు దూదిపింజలా ఉంది. నాణేల వైపు కన్నెత్తి చూడలేదు. (పొద్దున దుమ్ము దులిపాను. అది శుభ్రత.)

వదినగారికి మోకాలి ఆపరేషన్. నికాసియా మధ్యాహ్నం బస్సుకి సూక్రే వెళ్ళింది. వచ్చే వారం శనివారం వస్తుంది.

"ఒట్టు గుర్తుందా?"

"నుదుటి మీదే ఉందిగా!"

"నిన్ననే కడిగేసుకున్నావు."

ఫిబ్రవరి 22, ఆదివారం
రొట్టెల కోసం సంత మీదుగా వెళ్ళాను. దగ్గర దారి. అంత దగ్గరేం కాదు.

పాత సామాన్లు అమ్మే తీబుర్సియో నా చిన్ననాటి నేస్తం.

"ఏం బావా, మెడ పట్టేసిందా? ఇటు తిరగట్లేదు!"

"కొననని ఒట్టేశాను."

"చూడనని కూడానా?"

అలా అని ఒట్టేయలేదు. చూశాను. ఎనిమిది రెయాళ్ళు! సుత్తితో కొట్టి, కత్తెరతో అంచులు కోసిన రకం. గుండ్రం అంటే ఏమిటో దానికి తెలియదు. రెండు స్తంభాలు, కింద అలలు, మా ఊరి టంకశాల గుర్తుగా ఒక అక్షరం. రాజుగారి పేరు సగమే పడింది.

తిరిగి ఇచ్చేశాను! వేళ్ళు మాత్రం కాసేపు ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం
ఒక గని కార్మికుడికి దవడ పన్ను పీకాను. వాచిన నోటితో, "డాక్టరుగారూ, చేతిలో రొక్కం లేదు. మా నాయనమ్మ పెట్టెలోది, ఇది ఉంచుకోండి" అన్నాడు. అర రెయాల్!

ఇది ఫీజు. కొనుగోలు కాదు. వద్దంటే అతని మనసు నొచ్చుకోదూ?

ఫిబ్రవరి 26, గురువారం
కళ్ళు మూసినా స్తంభాలే.

ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఆ వెండి మా ఊరి గనుల కొండది. మా తాతముత్తాతలు ఊపిరితిత్తులు అరగదీసుకుని తవ్వింది. అది ఇల్లు చేరితే కొనడం అంటారా? తప్పిపోయిన బిడ్డ తిరిగి రావడం అంటారు! తీబుర్సియో ఇంటికి వెళ్ళాను.

"డబ్బిచ్చి కొనలేను తీబుర్సియో, ఒట్టు ఉంది."

"డబ్బెందుకు బావా? మా ఆవిడ కుక్కరు మూత ఊడి కప్పుకు తగిలింది. మీ కుక్కరు ఇచ్చెయ్."

మార్పిడి. కొనుగోలు కాదు. ఇచ్చేశాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం
ఇంత ఎత్తు మీదున్న ఊళ్ళో కుక్కరు లేకపోతే ఏదీ ఉడకదు. పొద్దున పొయ్యి మీద పెట్టిన మొక్కజొన్న గింజలు సాయంత్రానికీ గులకరాళ్ళే. ఒక పన్ను కదిలింది. నాదే.

ఆకలితో నాణెం చూస్తూ కూర్చున్నాను. పళ్ళు చూసే భూతద్దం పెట్టాను. అంచు చుట్టూ సన్నటి గీత! సుత్తి దెబ్బకు గీత రాదు. అచ్చులో పోస్తేనే వస్తుంది. బండ మీద వేశాను. మోగలేదు. దగ్గింది.

సీసం! సీసానికి కుక్కరు ఇచ్చాను! రేపు నికాసియా వస్తుంది. పరమపితా!

ఫిబ్రవరి 28, శనివారం
వచ్చింది. సంచీ దించకుండానే వంటింట్లోకి వెళ్ళింది.

"కుక్కరేదయ్యా?"

అంతా చెప్పేశాను. (అర రెయాల్ సంగతి అడగలేదు. నేను చెప్పలేదు.) అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అందుకే భయం వేసింది. నాణెం పిడికిట్లో పట్టుకుని, శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది. బస్టాండుకేనని కిటికీ దగ్గర కూలబడ్డాను. ఆవిడ లేని ఇంట్లో ఇన్ని నాణేలు ఎవరికి చూపించుకోను?

గంట తర్వాత చంకలో కుక్కరుతో వచ్చింది.

"ఎలా ఇచ్చాడే?"

"వాడెందుకిస్తాడు? వాళ్ళ వాకిట్లో నిలబడి నీ నాణేన్ని బండ మీద కొట్టా, వీధంతా వినేలా. మోగితేగా! వాళ్ళావిడ బయటికొచ్చి వింది. 'మోసంతో వచ్చిన కుక్కరులో వండుకున్నది నాకరగదమ్మా' అని కుక్కరు ఇచ్చేసింది, లోపల సూపుతో సహా."

ఇద్దరం వేడి సూపు తాగాం. అప్పుడు శాలువా ముడి విప్పి, చిల్లు పడ్డ ఒక రెయాల్ తీసింది.

"వాళ్ళావిడ ఇచ్చింది, నోరు మూసుకోమని. ఇది నాది. ముట్టుకోకు."

గచ్చు మీద వేసింది. గంటలా మోగింది! మళ్ళీ వేసింది. మూడోసారి ఊరికే వేసింది. తర్వాత నా భూతద్దం లాక్కుంది.

"ఈ సింహమేంటయ్యా, కుక్కలా ఉంది?"

"సుత్తి పక్కకి జారింది."

"పాపం! దీనికి జత దొరుకుతుందా? చెవులు రెండున్నాయిగా."

తనే తేల్చింది.

"సోమవారం నుంచి ఒట్టు మళ్ళీ మొదలు. ఇద్దరికీ. ఈస్టరు దాకా ఒక్కటి కూడా వద్దు."

"సోమవారం నుంచా?"

"రేపు సంత కదా. పెందలాడే లేపు. తీబుర్సియో దగ్గరికొద్దు, వాడి పక్క కొట్లో చూద్దాం."